నిద్రపోతున్న మావయ్యకు ప్రథమ చికిత్స

ఆ రోజుల్లో, ఉత్తరాది కార్ఖానా ఊళ్ళో, మా సిద్ధగోరా పేట తెలుగు ఇళ్ళలో బ్రెడ్డు తినాలంటే జ్వరమైనా రావాలి, ఎముకైనా విరగాలి. ఒంట్లో బాగున్నవాడు బ్రెడ్డు తినడమన్నది ఎవరి ఊహకూ అందేది కాదు. చంకలో బ్రెడ్డు ప్యాకెట్టు, చేతిలో బత్తాయిల సంచీతో ఎవరైనా నడుస్తుంటే, ఎదురొచ్చినవాళ్ళు ‘ఎక్కడికి’ అని కాదు, ‘ఎవరికి’ అని అడిగేవారు. కార్ఖానా ఊరు కదా! మగవాడు షిఫ్టుకి వెళ్తే, మళ్ళీ భోంపూ (కార్ఖానా కూతని మేం అలాగే అనేవాళ్ళం) మోగి అతని సైకిలు గేటు దగ్గర కనిపించేదాకా ఆడవాళ్ళ చెవులు వీధిలోనే ఉండేవి. ఎక్కడ కట్టు కనిపించినా వీధి వీధంతా కదిలి వచ్చేసేది, బ్రెడ్డుతో సహా. ఈ బ్రెడ్డు శాస్త్రమంతా ఎందుకంటే, నేను వెలగబెట్టిన చదువుల్లో జనాన్ని కదిలించినది ఒక్కటే ఉంది. అది ప్రథమ చికిత్స. కదలనివాడు ఒక్క మావయ్యే.

మా కాలేజీలో మొదటి ఏడాది వాళ్ళకి వ్యాయామ విద్య తప్పనిసరి. అందులో తప్పితే మిగతా పరీక్షలకి కూర్చోనివ్వరు. పరుగుపందెంలో నా వెనక నా నీడ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. సాయంత్రం ఎండ వీపు మీద పడితే అది కూడా నన్ను దాటి ముందుకి పోయేది. తాడు ఎక్కమంటే నాకు ఆయాసమే ఎక్కేది. మా డ్రిల్లు మాస్టారిని మేం సీటీ సార్ అనేవాళ్ళం. సీటీ అంటే ఈల. అది మెడలో లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. గంగ అవతలి హిందీ మనిషి, కోపం గొంతులోనే తప్ప గుండెలో లేదు. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, “దేఖో బేటా, దౌడ్‌నా తుమ్హారే బస్ కా నహీఁ” అన్నారు. పరుగెత్తడం నీ వల్ల కాదు, ఫస్ట్ ఎయిడ్ ప్రాక్టికల్లో పాసయ్యావంటే ఏడాది దక్కుతుంది అని బుజ్జగించారు. ఏడాది పోతే ఏమవుతుందో మా నాన్న అప్పటికే చెప్పి ఉన్నాడు: “సదువు రాపోతే పోయింది. నాతోటి కాంట్రాక్టు పనికొచ్చీ. తట్ట మొయ్యడానికి పరీచ్చ లేదు.”

తట్టకీ నాకూ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క ముడి. ముక్కోణపు గుడ్డతో దెబ్బ తగిలిన చేతిని మెడకి వేలాడదీసి, కుడి కొస ఎడమ మీదుగా ఒకసారి, ఎడమ కొస కుడి మీదుగా ఒకసారి వేసే ముడి. చెప్పుకోవడానికి ఇంతే. నేను వేస్తే మాత్రం లాగగానే జారిపోయేది. సీటీ సార్ దాన్ని చూపుడువేలితో ఎత్తి క్లాసంతటికీ చూపించి, “యే గాఁఠ్ హై కి జిలేబీ?” అనేవారు. ముడో జిలేబీయో తేల్చుకోలేని పరిస్థితిలో ప్రాక్టికల్ దగ్గరపడింది.

సాధన చేద్దామంటే ఇంట్లో ఒళ్ళు అప్పిచ్చేవాళ్ళు లేరు. చెల్లెలు చెయ్యి ఇచ్చినట్టే ఇచ్చి, ముడి పడేలోపల “ఛోడో భయ్యా, ఖేల్‌నా హై” అని ఆటకి పారిపోయేది. ఇక మిగిలింది మావయ్య. అమ్మకి తమ్ముడు, కార్ఖానాలో కొలిమి దగ్గర పని, పెళ్ళయ్యేదాకా మా ఇంట్లోనే మకాం. అడిగితే, “ఒరే, నాకేటైనా అయితే ఆసుపత్రోలున్నారు. నువ్వు ముట్టుకోకు” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కానీ నైట్ షిఫ్ట్ దిగి, చద్దన్నం తిని మంచమెక్కాడంటే మావయ్యకి ఈ లోకంతో సంబంధం తెగిపోయేది. అలాంటి ఒక ఆదివారం అమ్మా నాన్నా చెల్లిని తీసుకుని బిష్టుపూర్ బజారుకి వెళ్ళారు. ఇంట్లో నేనూ, నా పుస్తకమూ, మంచం మీద మావయ్యా. ‘అందుబాటులో ఉన్న వస్తువులనే వాడవలెను’ అని పుస్తకంలో ఉంది. అంతకంటే అందుబాటులో ఎవరుంటారు?

అమ్మ పాత వాయిలు చీర, ఎర్రపువ్వులది, ముక్కోణాలుగా చింపాను. మొదట చెయ్యి మెడకి వేశాను. కుడి మీద ఎడమ... కాదు, ఎడమ మీద కుడి... లాగి చూశాను. జారలేదు! ఆ ఆనందంలో తలకి కట్టాను. ఇంకా ఆనందం మిగిలింది, కాలికి నాన్న గొడుగు ఒకవైపు, అప్పడాల కర్ర ఒకవైపు పెట్టి కట్టాను. మావయ్య గురక తాళం కూడా తప్పలేదు. తలకట్టుకి ఒక పిన్నీసు పెడితే పుస్తకంలో బొమ్మలాగే ఉంటుందనిపించి, తలుపు దగ్గరగా వేసి వీధి చివర దుకాణానికి బయల్దేరాను. దారిలో చిన్నప్పటి నేస్తం కనిపిస్తే, నా ముడి సంగతి వాడికి (వాడు అడక్కపోయినా) వివరంగా చెప్పాను.

ఈలోగా కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి పిన్ని కిటికీలోంచి తొంగి చూసింది. ఆవిడని మేం చాటుగా భోంపూ పిన్ని అనేవాళ్ళం. కార్ఖానా భోంపూకి వేళలున్నాయి, ఆవిడకి లేవు. మసక వెలుతురులో తల, చెయ్యి, కాలు కట్లతో మావయ్య, కట్ల నిండా ఎర్రపువ్వులు. “ఓలమ్మో! కొలిమికాడ మనిసి! ఒల్లంతా రగతమే!”

ఇవేవీ తెలియని నేను దుకాణం దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ మా వీధివాళ్ళు ఎగబడి బ్రెడ్డు కొంటున్నారు. ఏమైందని అడిగితే దుకాణదారు, “ఆప్ హీ కే లైన్ మేఁ. తెలుగు ఆద్మీ. బహుత్ చోట్ లగీ హై” అన్నాడు. మా వీధిలోనే, మా తెలుగువాళ్ళలోనే ఎవరికో పెద్ద దెబ్బ! నా గుండె నీరైపోయింది. పైగా ప్రథమ చికిత్స నేర్చినవాణ్ణి కూడాను. పిన్నీసు సంగతి మరిచిపోయి, ఆ డబ్బులతో మిగిలిన ఆఖరి బ్రెడ్డు కొని చంకలో పెట్టుకుని పరామర్శకి పరుగెత్తాను. (సీటీ సార్ చూసి ఉంటే పరుగులోనే పాస్ చేసేవారు.)

జనం మా ఇంటి ముందే ఉన్నారు. గుమ్మం నిండా చెప్పులు. తోసుకుంటూ లోపలికి వెళ్ళి చూస్తే మంచం మీద మావయ్య! తల, చెయ్యి, కాలు, అన్నీ కట్లే! “మావయ్యా!” అని నిజంగానే ఏడ్చేశాను. ఆ గొడుగు ఎక్కడో చూసినట్టుందే అనిపించడానికి నాకు కాస్త సమయం పట్టింది.

అప్పటికే ఎవరో వెనక వీధిలోంచి సీటీ సార్‌ని పిలుచుకొచ్చారు. ఆయన బనీను మీదే, మందుల పెట్టెతో, మెడలో ఈలతో వచ్చి, ఒక్క ఈల వేసి జనాన్ని వెనక్కి నెట్టారు. మావయ్య చేతికట్టు ముడిని వేలితో లాగి, మళ్ళీ లాగి, తలూపారు. “కిస్‌నే బాఁధా? పక్కా హాథ్ హై.” ఎవరు కట్టారో గాని చెయ్యి తిరిగిన మనిషి అని! నా ఏడుపు ఠక్కున ఆగింది. నా ప్రమేయం లేకుండానే నా చెయ్యి క్లాసులో లేచినట్టు పైకి లేచింది.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. గుమ్మంలో చెప్పులు, మంచం మీద కట్లు చూసి సంచీ వదిలేసి, “నా తమ్ముడో!” అని పెట్టిన కేకకి, ఈలకి లేవని మావయ్య లేచాడు. కళ్ళు తెరిచి తన కాలు చూసుకున్నాడు, చెయ్యి చూసుకున్నాడు, చుట్టూ ఏడుస్తున్న జనాన్ని చూశాడు.

“అక్కా... నాకేటైందే?”

“నువ్వే సెప్పాలిరా నాయినా!”

“నాకేటి తెలుసు? నాను తొంగున్నాను!”

అప్పుడు అందరి చూపులూ మెల్లగా, లేచిన నా చేతి మీదికి తిరిగాయి. మావయ్య “ఒరే!” అని నన్ను పట్టుకోవడానికి దూకాడు. గొడుగు కట్టిన కాలితో కుంటుకుంటూ పెరడంతా తరిమాడు. మధ్యలో గొడుగు విచ్చుకుంది కూడా. ముడి మాత్రం ఒక్కటీ జారలేదు.

నవ్వులు తగ్గాక భోంపూ పిన్ని ఒక ధర్మసందేహం లేవదీసింది. “రోగికని తెచ్చింది ఎనక్కి అట్టుకెల్లకూడదు. సెడు.” రోగే లేడు కదమ్మా అంటే, “తెచ్చినప్పుడున్నాడు కదేటి?” అంది. ఆ తర్కానికి తిరుగులేదు. బల్ల మీద గోడ కట్టినట్టు పేర్చిన బ్రెడ్డంతా అమ్మ టీ పెట్టి అందరికీ పంచింది. మా వీధి మొత్తం ఆరోగ్యంగా ఉండి బ్రెడ్డు తిన్నది ఆ రోజే.

వెళ్తూ వెళ్తూ సీటీ సార్ నా చెవి పట్టుకున్నారు. కట్టుకి తిరుగులేదు గాని, మొదటి పాఠం ఏమిటి? ముందు రోగిని పలకరించాలి, ఏమైందని అడగాలి. అది చెయ్యలేదు గనక పాస్ లేదు. ప్రాక్టికల్‌కి ఇదే రోగిని తీసుకురావాలి, అదీ అతను ఒప్పుకుంటేనే అన్నారు.

బ్రెడ్డు నములుతున్న మావయ్య వైపు చూశాను. ఆయన గదినిండా ఉన్న జనాన్ని చూస్తున్నాడు. “నాకిక్కడెవులున్నారని రోజూ అక్కతో అంటాను. ఇంతమందున్నారేట్రా?” అని గొణిగి, “వత్తాన్లే. కానీ ఈసారి నన్నడిగి కట్టు” అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. నైట్ షిఫ్ట్ దిగి తిన్నగా కాలేజీ మైదానానికి వచ్చి చాప మీద పడుకున్నాడు. అదే పొరపాటు. నా వంతు వచ్చేసరికి గురక! నేను మోకాళ్ళ మీద కూర్చుని, “మావయ్యా, ఏటైంది?” అన్నాను. గురక. గట్టిగా అడిగాను. ఇంకా గట్టి గురక. చుట్టూ కిసకిసలు. రోగి పలకడం లేదు, ఇప్పుడేం చేస్తావన్నారు సార్. నా కళ్ళ ముందు తట్ట కనబడింది. ఏమీ తోచక ముక్కు దగ్గర చెవి పెట్టి, “శ్వాస ఆడుతోంది సార్!” అన్నాను. “వో తో ప్రిన్సిపల్ సాబ్ కో భీ సునాయీ దే రహా హై” అన్నారాయన, అది ప్రిన్సిపల్ గారి దాకా వినిపిస్తూనే ఉందని. అప్పుడు గుర్తొచ్చింది, స్పృహలేని రోగిని పక్కకి తిప్పాలని. తిప్పాను. గురక ఆగింది. మైదానమంతా చప్పట్లు. ఆ ఊపులో చెయ్యి కట్టి ముడి వేశాను. సార్ వేలితో లాగారు. ముడితోపాటు మావయ్య చెయ్యి, భుజం కూడా లేచాయి, మావయ్య లేవలేదు. సార్ సంతకం పెడుతూ అన్నది ఒక్క మాట: “జిలేబీ నహీఁ హై.”

ఇన్నేళ్ళకి, మొన్నామధ్య నేను స్నానాలగదిలో జారిపడితే చెయ్యి బెణికింది. మెడకి గుడ్డ వేసి వేలాడదీశారు. ఫోను నిండా పూల బొమ్మలు వచ్చాయి, త్వరగా కోలుకోమని. బ్రెడ్డు మాత్రం ఎవరూ తేలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే అందరూ తినేది అదేనాయె. మధ్యాహ్నం కునుకు తీసి కళ్ళు తెరిస్తే పక్కన కుర్చీలో మావయ్య. మొత్తం బట్టతల, చంకలో బ్రెడ్డు ప్యాకెట్టు. ఊరి అవతలి కొస సోనారి నించి ఆటోలో వచ్చాడట, నన్ను లేపకుండా కూర్చున్నాడట.

“ఏటైందిరా?” అన్నాడు ముందుగా. చెప్పాను. అప్పుడు నా మెడ దగ్గర ముడిని వేలితో ఎత్తి చూశాడు. జారిపోయింది. “ఎవుడు కట్టినాడ్రా ఇది? నాను కట్టీమంటావా? సూడు, అడిగే కడతన్నాను.”

కట్టమన్నాను. పాపం, ఆ ముడి నేర్చుకునే రోజుల్లో ఆయన నిద్రలోనే ఉన్నాడు కదా! వణికే వేళ్ళతో చాలాసేపు ఏదో మెలిపెట్టి, తృప్తిగా వెనక్కి వాలి, బ్రెడ్డు ప్యాకెట్టు విప్పాడు. సీటీ సార్ అయితే వేలు పెట్టి లాగి చూసేవారు. నేను లాగలేదు.