దిగి వస్తేనే టీ

మా ఇంటి పైన కొత్తగా వేసిన గది స్లాబు మీద తడి గోనెసంచులు పరిచారు. తడి గోనె, పచ్చి సిమెంటు కలిసిన ఆ వాసన గాలికి మెట్ల మీదుగా వంటింట్లోకి వస్తోంది. ఇంకొకరికైతే అది ఇల్లు లేస్తున్న వాసన. నాకు మాత్రం దయామణి సిస్టరమ్మ గుర్తొస్తుంది.

బుక్కరాయసముద్రంలో మేము ఈ ఇల్లు కట్టుకున్నది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వరుస కరువుల మధ్య. నాయన బడిపంతులు. పనంతా ఒకరికే గుత్తకివ్వకుండా గోడలకు ఒకరిని, సెంట్రింగుకు ఒకరిని, కరెంటుకు ఒకరిని విడివిడిగా పెట్టుకున్నాడు. ఎవరి పని వాళ్లకు తెలుసు, పక్కవాడి పని ఎవరికీ తెలియదు. పక్కింటి సిస్టరమ్మ పెద్దాసుపత్రిలో నర్సుగా రిటైరైంది. పరంజా మీంచి పడినవాళ్లకూ కరెంటు కొట్టినవాళ్లకూ ఉద్యోగమంతా కట్లు కట్టిన మనిషి. పునాది నాడే నాయనను నిలదీసింది.

“సారూ, వాస్తు చూపిస్తిరి, ముహూర్తం పెట్టిస్తిరి. పనోళ్లను చూసుకునేదానికి ఎవుర్ని పెట్టినారు?”

“నువ్వే చూడు సిస్టరమ్మా” అని నాయన నవ్వాడు. ఆయన తమాషాకన్న మాటను ఆమె ఉద్యోగంగా తీసుకుంది.

పొద్దుటి టీ ఆమె ఇంటి నుంచే వచ్చేది. కాని ఎవరికీ పనిచోటికి తెచ్చివ్వదు. అందరూ దిగి వేపచెట్టు కిందికి రావాలి. ఈ పూట తానేం చేయబోతున్నాడో ఒక్కొక్కరూ మిగతావాళ్లకు వినబడేలా చెప్పాలి. అప్పుడే గ్లాసు చేతికొస్తుంది. కూలీలు దానికి టీ పంచాయితీ అని పేరు పెట్టారు. స్లాబులకు చెక్కలు బిగించి, ఊడదీసే సెంట్రింగు పని చేసే వన్నూరప్ప మహా ఎగతాళి మనిషి. “సిస్టరమ్మా, ఈ పొద్దు నేను చెక్కలు కొడతా, నడుమ బీడీ తాగుతా” అని దండం పెట్టి మరీ చెప్పేవాడు. “బీడీ సంగతి నీ పెండ్లానికి చెప్పుకోప్పా. చెక్కలు కొట్టేటప్పుడు కింద ఎవురూ లేకుండా చూసుకో” అనేది ఆమె. కరెంటు పనివాడు వైరు లాగబోయే గోడకే ఇంకొకరు నీళ్లు కొట్టబోతున్నారని ఒకసారి ఆ చెట్టు కిందే బయటపడింది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి మేమెవరమూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

పెరట్లో నేల లోపల నీళ్ల సంపు కట్టి స్లాబు వేశారు. గోడలు తడిసేందుకు లోపల పోసిన ట్యాంకరు నీళ్లు ఎండకు ఇగిరిపోతాయని మూత బిగించి, పైన తడి గోనెసంచులు కప్పారు. నీళ్లంటే మాకు అంత ప్రాణం. స్లాబు కింద ఆనించిన చెక్కలు లోపలే ఉండిపోయాయి. గుడ్ ఫ్రైడే నాడు సిస్టరమ్మ చర్చికి పోతూ టీ పని అమ్మకు అప్పజెప్పింది. ఆ రోజు పొద్దున్నుంచే ఎండ నిప్పులు చెరుగుతోంది. “అందరూ ఎండలో దిగొచ్చేదెందుకు పాపం” అని అమ్మ ఎవరి గ్లాసు వాళ్లకు పనిచోటికే తీసుకెళ్లి ఇచ్చింది. మా అమ్మ మనసు అంత మెత్తన.

గోడలు కట్టే మస్తాన్ మేస్త్రి ఆ పొద్దునే సంపు మూత తీశాడు. మూసిపెట్టిన సంపులో గాలి చెడి ఉంటుందని, సాయంత్రం దాకా ఎవరూ దిగకూడదని ఆయనకు తెలుసు. టీకి దిగినప్పుడు చెబుదామనుకున్నాడు. టీ గోడ మీదికే వచ్చేసరికి తాగి పనిలో పడ్డాడు. మూత తీసి ఉండటం చూసిన వన్నూరప్ప, చెక్కలు ఊడదీయడానికే తెరిచారనుకుని దిగాడు. తర్వాత ఎంత పిలిచినా పలకలేదు. దిగబోయిన మేస్త్రిని మిగతావాళ్లు పట్టుకుని ఆపారు. సమ్మెటలతో స్లాబు పగలగొట్టి పైకి తీసేసరికి అతనిలో ఊపిరి లేదు.

సిస్టరమ్మ తెల్లచీరతో చర్చి నుంచి పరుగున వచ్చింది. అతని ఎద మీద చేతులు పెట్టి నొక్కింది, నోట్లో ఊపిరి ఊదింది. ఇక చాలమ్మా అని నాయన చెప్పేదాకా ఆపలేదు. అమ్మ ఖాళీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

సిస్టరమ్మ అమ్మను ఒక్క మాట అనలేదు. పని మళ్లీ మొదలైన పొద్దున చెట్టు కింద టీ పోసింది. గ్లాసు అందుకుంటూ మేస్త్రి తల వంచుకుని అన్నాడు. “చెప్పల్లనే అనుకుంటి సిస్టరమ్మా. నువ్వు లేకపోతివి. ఇంక ఎవురికి చెప్పేదిలే అనుకుంటి.”

ఆమె టీ గిన్నె కింద పెట్టేసింది. “నాకు చెప్పేదానికా మేస్త్రీ, ఇన్ని దినాలు నేను అడిగింది? మీలో మీరు చెప్పుకోవల్లని గదా.”

ఇల్లు పూర్తయ్యేదాకా ఆమె రోజూ వచ్చింది కాని, మునుపటి మనిషి కాదు. కొన్నేళ్లకు జబ్బుతో మంచం పట్టింది. ఒకనాడు నేను పక్కన కూర్చుని ఉంటే, “నేర్పినా అనుకుంటి పాపా. ఏమీ నేర్పలే. నన్ను చూసి భయపడటం నేర్చుకున్నారు, అంతే” అంది. కాదంటే అబద్ధమవుతుంది. దుప్పటి సర్ది, ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ దుఃఖంతోనే ఆమె పోయింది.

ఆ సంపుకే మళ్లీ స్లాబు వేసి, ఆ నీళ్లే ఇన్నేళ్లుగా వాడుకుంటున్నాం. ఈ కరువు నేలలో సంపు పూడ్చుకునే భాగ్యం ఎవరికుంది? ఇప్పుడు పైన పని జరుగుతుంటే అమ్మ టీ కాచి గడప దగ్గర పెట్టి లోపలికి పోతుంది. ఎవరి చేతికీ ఇవ్వదు.

“అక్కా, ఈడికే తెచ్చీరాదా, ఎండ మండుతాండాది” అని పైనుంచి ఎవరో ఒకరు అడుగుతారు.

“దిగి రాండప్పా” అంటాను.

విసుక్కుంటూ వస్తారు. నా వైపు తిరిగి చెప్పబోతారు. నాకు కాదు, వాళ్లకు చెప్పండి అంటాను. చెబుతారు, టీ తాగుతారు, పైకి పోతారు. నేను ఊళ్లో లేని రోజు చెప్పుకుంటారో లేదో నాకు తెలియదు.