రెండు గోలీలు, ఒక కడుపుమంట

ఆ రోజుల్ల మెదక్‌ల సర్కారు నౌకరంటే మస్తు ఇజ్జత్ ఉండె. పక్క కుర్చీల కూసున్నోని మీద కుళ్లు అంతకంటె ఎక్కువుండె. అందరి సంగతి నాకెందుకు, నా సంగతే చెప్తున్న. నేను దవాఖానల నెత్తురు, మూత్రం పరీక్షలు చేసేటోన్ని. నా పక్కన కుల్చారం నుంచి వచ్చినోడు, నా ఈడోడే, అదే పని చేసేటోడు. మేమందరం వాన్ని కుల్చారపోడనేటోళ్లం. డాక్టరమ్మ ఏది అడిగినా ముందుగాల వాని దిక్కే చూసేది. అది చూస్తే నాకు అన్నం సయించేది కాదు.

ఆ యేడు హైదరాబాద్‌ల ట్రైనింగుకు మా దవాఖాన నుంచి ఒక్కన్ని పంపుతమన్నరు. సరిగ్గ అప్పుడే మలేరియా గోలీల లొల్లి మొదలైంది. మేము ఎప్పుడూ ఇచ్చేది బొంబాయి గోలీ. హైదరాబాద్‌ల తయారైన కొత్త గోలీ వచ్చింది. కొత్తది పాతదానికంటె ఏం తక్కువ కాదని కుల్చారపోడు అన్నడు. వాడన్నడు కాబట్టి, కాదు, బొంబాయిదే మేలని నేనన్న. (ఆ గోలీల గురించి నాకప్పుడు ఇంత కూడ తెల్వదు.) అట్లయితే పరీక్ష చేసి చూపించుమన్నది డాక్టరమ్మ. ఇంకేంది, ట్రైనింగు సీటు నాదే అనుకున్న.

గోలీ మింగినోళ్ల మూత్రంల ఒక మందు కలిపితే ఎర్రబడతది. గోలీ ఒంట్లకు ఎంత ఎక్కితే అంత ఎరుపు. దవాఖాన ఆయమ్మను, వాచ్‌మన్‌ను, వంటామెను, ఇంకో ముగ్గుర్ని బతిమాలి మొదటి వారం బొంబాయి గోలీ మింగించిన. మలి వారం వాళ్లకే హైదరాబాద్ గోలీ ఇచ్చిన. వాచ్‌మన్ సీసా అందిచ్చినప్పుడల్ల, నా దాంట్ల ఏమన్న దొరికిందా సారూ అని అడిగేటోడు. దొరికింది, ఏం లాభం? కొత్త గోలీకి మొదటిదానికంటె చిక్కటి ఎరుపు వచ్చింది. కుల్చారపోన్ని నా చేతులతోనే గెలిపిచ్చిన. తట్టుకోలేక డాక్టరమ్మ దగ్గరికి పోయి, వాడు నా సీసాలు ముట్టుకున్నడని చాడీ చెప్పిన.

ఆమె వాన్ని పిలిచింది. వాడు కోపం చెయ్యలే. రెండో గోలీ ఇచ్చే ముందు, మొదటి ఎరుపు పోయిందా అని సీసాలు చూసినవా అని నన్నడిగిండు. నేను చూడలే.

"బొంబాయి గోలీ ఇంక వీళ్ల ఒంట్లనే ఉన్నదమ్మా. దాని మీద కొత్తది పడ్డది. గీ ఎరుపు రెండిటిది. కొత్తది గెలిచిందని రాయకుండ్రి" అన్నడు.

గెలిచిన ఆటను వాడే చెడగొట్టుకుండు. వాడు మోసం చేసినా నాకు అంత బాధ కాకపోవు.

రంగు పోయినంక మళ్ల చెయ్యమన్నది డాక్టరమ్మ. ప్రతి సోమవారం చూస్త, ఇంక ఎరుపే. వారాలు గడిచినయ్, ఆయమ్మ నన్ను చూస్తే నవ్వుడు మొదలువెట్టింది. రంగు పోకముందే కుల్చారపోడు ట్రైనింగుకు పోయిండు.

పోయిన పదిహేను రోజులకు వాని కార్డు వచ్చింది. "ఒక్కళ్లకే రెండు గోలీలు ఎందుకురా? కొత్తోళ్లను పట్టు. సగం మందికి అది, సగం మందికి ఇది ఇయ్యి. ఎదురుచూసే పనే లేదు. మనుషులు మాత్రం ఎక్కువ కావాలె" అని రాసిండు. ఇంత చిన్న ముచ్చట నాకెందుకు తోచలేదని ఆ పూట అన్నం ముట్టలే. అయినా అట్లనే చేసిన. రెండు గుంపుల్ల ఒక్క తీరు ఎరుపే వచ్చింది. ఎవరి ఆలోచన ఇది అని డాక్టరమ్మ అడిగింది. నాదే అన్న. మరుసటేడు నన్ను పంపిండ్రు.

హైదరాబాద్‌ల బస్సు దిగంగనే, ట్రైనింగైనంక అక్కడనే ఉండిపోయిన కుల్చారపోడు ఎదురొచ్చి నా ట్రంకు భుజానికెత్తుకుండు. రెండు గుంపుల సంగతి ఏమైందిరా అని అడిగిండు. మంచిగైంది, డాక్టరమ్మకు నీ పేరే చెప్పిన అన్న.

వాని మొఖం వెలిగిపోయింది. "నా పేరెందుకు చెప్పినవురా, కష్టపడ్డది నువ్వు కదా" అన్నడు.

వాడు ట్రంకు మోసుకుంట ముందు నడుస్తుండు, నేను ఉత్త చేతులతోని ఎనుక నడుస్తున్న. గా పొద్దు వాని మీద పడ్డంత కుళ్లు నా జన్మల ఎన్నడూ పడలే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది. నవ్వినంక, నిజం జెప్పాలంటే, జర మంట కూడ ఉంటది.