కదిల్తే చెడిపోయే కబడ్డి

తప్పు నాదెట్లయితది? ఆట ఓడింది నా నోటి దురుసుతోనని మా ఇంటామె గిప్పటికీ అంటది, నేనైతే ఒప్పుకోను. గా రోజుల్ల కరీంనగర్ దిక్కు నేతోళ్లకు కెమెరా అంటే ఫోటోల డబ్బానే. సినిమా కెమెరా వేరే ఉంటదని వాళ్లకెవరన్న చెప్పిన్రా? (నేను సుత చెప్పలే, గది వేరే ముచ్చట.) హైదరాబాద్ల పెరిగిన పోరణ్ణి, ఇరవై రెండేండ్లు, చేతిల అరువు కెమెరా, ముక్కు మీద కోపం. నేత సంఘమోళ్లు తమ కబడ్డి జట్టుకు ఎర్రచారల అంగీలు నేసి కుట్టిచ్చిన్రు. ఆ ఆటను సినిమా తీసి కాలేజీల చూపిస్తే అంగీలకు ఆర్డర్లొస్తయని సంఘం పెద్దకు నేనే మాటిచ్చిన. ఆయన్ను అందరు కాకా అంటరు. "బిడ్డా, సగం మగ్గాలు బందున్నయి. నీ మాట మీదనే కూసున్నం," అన్నడు.

బొగ్గుబాయి జట్టుతోని పోటీ. ఆఖరి కూత. మా కెప్టెన్ను బొంగరం అంటరు, కాలు నేల మీద నిలువది. నలుగురు పట్టిన్రు, ఒకడు అంగీ గుంజుతుండు, బొంగరం మాత్రం గీత దిక్కు పాక్కుంట వస్తుండు. ఇంక జానెడే! నేను చావి తిప్పి కెమెరా కంటికి పెట్టిన. అంతే, అందరు బిగుసుకపోయిన్రు. బొంగరం చెయ్యి చాపి, కడుపు లోపలికి గుంజి, నా దిక్కు చూసుకుంట "కబడ్డి, కబడ్డి" అని మెల్లగ అంటుండు. కాలు పట్టినోడు ఒక చెయ్యి తీసి నెత్తి దువ్వుకున్నడు, అంగీ గుంజినోడు దాన్ని పట్టుకొని అట్లనే యేలాడుతుండు.

"కదులున్రి! ఉరుకున్రి!" అని మొత్తుకున్న.

"కదిల్తే ఫోటో చెడిపోతది గద సారూ!" అన్నడు బొంగరం.

"కూత తెగింది! అవుటు!" అని బొగ్గుబాయోళ్లు ఎగిరిన్రు.

ఒక్క పాయింటుతోని ఓడినం. రీలు అయిపోయింది. ఇంకో రీలు కోసం పోస్టాఫీసుకు పోయి హైదరాబాద్ దోస్తుకు ట్రంకాల్ జేసి కొట్లాడిన. వాడు ఇయ్యనన్నడు. పోస్టుమాస్టరేమో, "సారూ, గా ఫోను జర కింద పెట్టున్రి, నలిగిపోతుంది," అన్నడు. సరే, ఏదైతే గదాయె, ఉన్నదే చూపిస్తనని కాకాకు ఖరాఖండిగ చెప్పిన.

కాలేజీల తెర మీద ఒక్కడు కదుల్తలేడు. పిల్లలు ఒకటే నవ్వుడు. తెర గుంజేద్దామని లేచిన. అంతల డ్రిల్లు మాస్టరు లేచిండు. "ఆగు తమ్మీ! గా అంగీ మళ్ల చూపియ్యి. మనిషి యేలాడినా చినుగలే. ఏడ నేసిన్రు?"

అంగీలకు ఆర్డర్లొచ్చినయి, మగ్గాలు నడిచినయి. బొంగరమైతే ఏడాది దాక నాతోని మాట్లాడలే. గిప్పుడు గా రీలు చూస్తే తెలుస్తది, గెలుపు జానెడు దూరంల ఉండంగ గంత బుద్ధిగ నిలవడ్డది నా ఫోటో పాడుకావద్దనే. నేనేమో వాళ్ల మీదనే ఒర్రిన. ఇరవై రెండేండ్లకు, కెమెరా చేతిల తిరుగుతుండంగ, మీరైతే నోరు మూసుకొని ఉంటుంటిరా?