వానసంచిలో రెండో పంపు

నజ్రాన్‌లో వాన పడిందంటే అది నాలుగు రోజులు చెప్పుకునే విశేషం. అలాంటి చోటికి సైకిల్ పందెం వాళ్లు వచ్చి ఒక్కో ఆటగాడికి ఒక్కో వానసంచి సిద్ధం చేసుకున్నారు. సంచి మీద పేరు, లోపల వానకోటు, చేతితొడుగులు, ఇంకో జత బూట్లు. దారిలో వాన వచ్చినా చలేసినా వెనక కారులోంచి అందిస్తారట. పడమటి కొండల మీద చలి ఎలా ఉంటుందో ఎరగని డ్రైవర్లు మొదటి రోజు ఆ సంచులను చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది సదానందం.

సదానందానిది మెట్‌పల్లి పక్కన పల్లె. మీసాలు నెరిసే వయసు వచ్చేదాకా సౌదీలోనే గడిపాడు. వచ్చిన కొత్తలో రియాద్‌లో సిమెంటు కలిపే ప్లాంటులో పని. దమ్ము పట్టుకుంది అక్కడే. ఉబ్బసాన్ని అతని వైపు దమ్మనే అంటారు. దుమ్ము రేగినా, చలిగాలి తగిలినా, మనసు కాస్త కంగారు పడినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఆ తర్వాత కష్టపడి లైసెన్సు తెచ్చుకుని డ్రైవరుగా మారాడు గానీ దమ్ము మాత్రం అతన్ని వదిలిపెట్టి ప్లాంటులో ఉండిపోలేదు.

కంపెనీ పనివాళ్లు ఉండే క్యాంపులో దమ్మున్నవాడు ఆ సంగతి దాచుకున్నంత జాగ్రత్తగా పెళ్లాం నగలు కూడా దాచుకోడు. కంపెనీకి తెలిస్తే మెడికల్ అన్‌ఫిట్ రాసి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తుందని అందరికీ గుండెల్లో దడ. అలా పెట్టె సర్దుకుని వెళ్లినవాళ్లను కళ్లారా చూశారు మరి. అందుకే అక్కడ ఎవరూ ఇన్‌హేలర్ అనరు. పంపు అంటారు, అదీ గొంతు తగ్గించి. ఊరి నుంచి వచ్చేవాళ్ల సామానులో మామిడికాయ తొక్కు డబ్బా పక్కన ఒదిగి వస్తుంది. నల్లా తిప్పి ఆ నీళ్ల చప్పుడులో పీల్చుకుంటారు. ఒంటి మీద మాత్రం ఎప్పుడూ పెట్టుకోరు, జేబులో ఎత్తుగా కనబడుతుందని. సదానందానికి పంపులు పంపేది భార్య ఉమారాణి. బీడీలు చుట్టుకుంటూనే, వచ్చేపోయేవాళ్లను వెతికి పట్టుకుని మరీ పంపేది. ఏటా కంపెనీ చేయించే మెడికల్ అతను దాటుతూనే ఉన్నాడు. ముందురోజు ఆవిరి పట్టడం, ఊదమన్నప్పుడు ఓ పద్ధతిలో ఊదడం, ఇదంతా తన తెలివేనని అతని లెక్క. ఆ తెలివి మీద లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

పందెం వాళ్లకు వ్యాన్లూ డ్రైవర్లూ కావాలంటే రియాద్ నుంచి కంపెనీ కొందరిని నజ్రాన్‌కు పంపింది. సదానందానికి పోర్చుగల్ జట్టు వ్యాను పడింది. అందరి మీద సూపర్‌వైజరు నబీ రసూల్. కడప మనిషి. ఇంగ్లీషూ, అరబ్బీ, ఉర్దూ అన్నీ కడప యాసలోనే మాట్లాడతాడు, అందరికీ అర్థమవుతాయి.

ఆ జట్టులో తియాగో అని ఒక ఆటగాడు ఉన్నాడు. గాలి గట్టిగా వీస్తే సైకిలుతో సహా ఎగిరిపోతాడేమో అన్నట్టుంటాడు. కొండలెక్కడంలో మాత్రం అతన్ని పట్టుకునేవాడు లేడు. మొదటి రోజు పొద్దున అతను వ్యాను మెట్టు మీద కూర్చుని, నలుగురూ చూస్తుండగా, నీలం రంగు పంపు తీసి నోట్లో పెట్టుకుని రెండుసార్లు పీల్చాడు. సదానందానికి నడిబజారులో బట్టలు విప్పినవాణ్ణి చూసినట్టయింది. సిగ్గుతో తల తిప్పుకున్నాడు. తియాగో మాత్రం పంపు వానసంచిలో పడేసి, ఇతన్ని చూసి నవ్వి, అరటిపండు ఒకటి విసిరాడు.

ఆ మందు కొలత ప్రకారం పీల్చితే తప్పు లేదనీ, జట్టు డాక్టరుకు తెలిసే ఇస్తారనీ, కొలత దాటితేనే విచారణ అనీ నబీ రసూల్ అడిగినవాళ్లకల్లా చెప్పాడు. అయినా మిగతా జట్ల వాళ్లు ముక్కు విరుస్తూనే ఉన్నారు. ఇంతమంది ఆటగాళ్లకు ఉబ్బసం ఎక్కడి నుంచి ఊడిపడిందని వాళ్ల ఎకసెక్కం. అందరికంటే గట్టిగా అనుమానపడింది ఎవరయ్యా అంటే మన సదానందమే.

"నిజంగ దమ్మున్నోడు రెండో అంతస్తు ఎక్కుతనే కూలవడ్తడు లక్ష్మణ్. గీయన గుట్టలకు గుట్టలు ఎక్కుతున్నడు. గా పంపుల ఉన్నది దమ్ము మందు గాదు తమ్మీ, ఏదో మతలబున్నది," అన్నాడు తోటి డ్రైవరుతో.

లక్ష్మణ్‌ది ఆర్మూరు. ఏది విన్నా పదిమందికి పంచితే గానీ అన్నం సయించని రకం. "నీకెట్ల ఎరుకనే దమ్ము సంగతి?" అన్నాడు.

"మా మేనమామకుండె," అన్నాడు సదానందం. ఆ మేనమామ నిక్షేపంగా ఊళ్లో ఈత చెట్లెక్కి కల్లు గీస్తున్నాడు.

తప్పు జరిగింది తనిఖీ దగ్గర. బండ్లలో డ్రైవర్ల సొంత సామానూ, మందులూ ఉండకూడదని పందెం వాళ్ల షరతు. రోజూ పొద్దున బండ్లు కదిలేముందు నబీ రసూల్ డ్యాష్‌బోర్డు అరలూ, సీటు కిందా, అద్దం వెనకా అన్నీ చూసేవాడు. పంపు లేకుండా కొండల మీదికి వెళ్లడం సదానందం వల్ల కాదు. పెట్టుకోవడానికి చోటూ లేదు. అప్పుడు క్యాంపు బుర్ర పనిచేసింది. పంపు ఎక్కడుంటే ఎవరూ అడగరు? పంపున్నవాడి సంచిలో! తియాగో వానసంచి పక్క జేబులో తన పంపు దూర్చి, తనిఖీ అయ్యాక తీసుకోవడం మొదలుపెట్టాడు. తన ఉపాయానికి తనే మురిసిపోయాడు. ఆ సంచిలో ఏది దొరికినా ఆ సంచి మీద ఉన్న పేరుకే చుట్టుకుంటుందన్న ఆలోచన మాత్రం అతనికి రానే లేదు.

నాలుగో రోజు గాలిదుమారం వస్తుందని పందెం ముందుకు జరిపారు. తనిఖీ అయిన వెంటనే ఐస్ తెమ్మని సదానందాన్ని పంపారు. తిరిగొచ్చేసరికి వానసంచులన్నీ మెకానిక్కు వేరే కారులో వేసుకుని వెళ్లిపోయాడు.

గెలుపు గీత కొండ మీద. తియాగోనే గెలిచాడు. గీత దాటి సైకిలు మీదే వాలిపోయి, ఎగశ్వాసతో చేత్తో పంపు కోసం సైగ చేశాడు. జట్టు డాక్టరు ఇనెస్ వానసంచిలో చెయ్యి పెట్టింది. తీస్తే రెండు పంపులు. నీలంది ఆమె రాసిచ్చిందే. మరి ఇంకోటి ఎవరిచ్చారు? ఆమె ఆ రెండోదాన్ని తిప్పి చూసింది, తియాగో ముఖంలోకి చూసింది. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. కాస్త దూరంలో వ్యాను పక్కన నిలబడ్డ సదానందం తన పంపును ఇట్టే గుర్తుపట్టాడు.

అందులోని మందు వేరట. ముందే అనుమతి లేకుండా ఆటగాడి దగ్గర ఉండకూడనిదట. సాయంత్రం హోటల్ వెనక ఆవరణలో జట్టు మనుషులనూ డ్రైవర్లనూ నిలబెట్టారు. ఇనెస్ ఆ పంపును ఒక కవరులో వేసి పట్టుకుని ఉంది. తియాగో గోడకు ఆనుకుని "నాది కాదు, నాది కాదు" అని అదే మాట అంటున్నాడు.

నబీ రసూల్ డ్రైవర్ల వైపు తిరిగాడు. "ఈ పంపు మీలో ఎవురిదన్నా అయితే చెప్పండప్పా. ఆ పిల్లోని బతుకు దీంట్లో ఉంది," అన్నాడు. అంటూ సదానందం ముఖంలోకి చూశాడు.

సదానందం తల అడ్డంగా ఊపాడు.

ఊపాలని అనుకోలేదు. ఇన్నేళ్ల అలవాటు తలను దానంతట అదే ఊపేసింది. ఆ తర్వాతైనా నోరు తెరవవచ్చు. తెరవలేదు. ఎగ్జిట్ కాగితం, చదువు మధ్యలో ఉన్న కూతురు సృజన, దమ్ము తెచ్చుకుని వచ్చాడట అని ఊళ్లో వాళ్ల గుసగుస, ఇవన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. నబీ రసూల్ ఇనెస్‌తో ఇంగ్లీషులో ఏదో గట్టిగా చెప్పాడు. ఆమె తల ఊపి కవరు మడిచింది.

భోజనాల దగ్గర లక్ష్మణ్ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కొండ మీద తీసిన ఫోటోలు దేశదేశాలు తిరుగుతున్నాయి. "సదన్నా, నువ్వు ముంగటనే చెప్తివి గదనే! దమ్మున్నోడు గుట్టెట్ల ఎక్కుతడని! నీ నెత్తి మామూలు నెత్తి గాదు," అని వీపు చరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అవునవునన్నారు. సదానందానికి తల కొట్టేసినట్టయింది. పళ్లెం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఇంత నీచమైన పని చేసినవాణ్ణి తెలివైనవాడని మెచ్చుకుంటుంటే వినడం కంటే తిట్లు తినడం నయమనిపించింది.

డాక్టరుకు తెలియని మందు దొరికితే ఆటగాణ్ణి పందెంలోంచి తప్పించాలని ఆ జట్టుకు సొంత నియమం ఉందట. నేరం ఆ తర్వాత తేలుతుంది. మర్నాడు పొద్దున తియాగోను విమానాశ్రయంలో దింపిరమ్మని నబీ రసూల్ పురమాయించాడు. ఎవరిని? ఆ జట్టు వ్యాను నడిపేది సదానందం కదా.

తియాగో ముందు సీటులోనే కూర్చున్నాడు. ఫోనులో ఎవరెవరో ఏదేదో రాస్తుంటే చూసి, ఫోను బోర్లించి ఒళ్లో పెట్టుకున్నాడు. రాత్రి లేచిన దుమారం ఇంకా తగ్గలేదు. రోడ్డు మీద ఇసుక పాకుతోంది. నిన్నటి నుంచి పంపు లేదు. పైగా పక్కనే ఆ మనిషి. సగం దారిలో సదానందానికి పిల్లికూతలు మొదలయ్యాయి. గొంతు సవరించుకున్నాడు, దగ్గులా నటించాడు. లాభం లేకపోయింది. చెమటలు పట్టాయి. బండి పక్కకు తీసి ఆపి స్టీరింగు మీద వాలిపోయాడు.

తియాగో ఒక్క క్షణం చూశాడు. తన సంచిలోంచి నీలం పంపు తీసి అందించాడు.

సదానందం తీసుకున్నాడు. గబగబా ఊపాడు. లోపలి గాలంతా ఊది పారేశాడు. పెదవులు బిగించి నొక్కి, లోపలికి లాగి, కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టాడు. కాసేపు ఆగి మళ్లీ ఒకసారి. ఛాతీ మెల్లగా విచ్చుకుంది. కళ్లు తెరిచాడు.

తియాగో అతని చేతుల వైపే చూస్తున్నాడు. మొదటిసారి పంపు పట్టుకున్నవాడి చేతులు కావవి.

"నీకూ ఉందా?" అన్నాడు, చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కల్లో. ముఖంలోకి చూసి, "ఆ పంపు... నీదా?" అన్నాడు.

కాదని ఈసారి కూడా అనవచ్చు. అడ్డం పెట్టుకోవడానికి మేనమామ కూడా ఉన్నాడు. కానీ అవతలివాడి పంపు ఇంకా చేతిలోనే ఉంది, అవతలివాడి మందు ఇంకా ఛాతీలోనే ఉంది. సదానందం తల పైకీ కిందికీ ఊపాడు. "కంపెనీ... నో సీ... యువర్ బ్యాగ్..." అన్నాడు. ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

తియాగో అరవలేదు. రెండు చేతులతో తల పట్టుకుని తన భాషలో ఏదో అనుకున్నాడు. ఆ తర్వాత ఫోను తీసి ఇనెస్‌కు కలిపి, ఆత్రంగా చెప్పి, సదానందానికి ఇచ్చాడు.

"మేడం, మై పంప్. తియాగో నో. మై," అన్నాడు సదానందం. ఆమెకు సగమే అర్థమైనట్టుంది, లేదా కుర్రాడే డ్రైవరు చేత ఈ మాట అనిపిస్తున్నాడని అనుమానం వచ్చినట్టుంది. పక్కన ఎవరికో ఫోను ఇచ్చింది.

"యేమప్పా సదానందం?" అంది ఫోను. నబీ రసూల్.

ఎవరికి తెలియకూడదని ఇన్నేళ్లు నల్లా తిప్పి పీల్చుకున్నాడో ఆ మనిషికే చెప్పాల్సి వచ్చింది. సదానందం కళ్లు మూసుకుని చెప్పేశాడు. "రసూల్ భాయ్, గా పంపు నాదే. దమ్మున్నది నాకు. తనిఖీల దొర్కుతదని ఆయన సంచిల నేనే వెట్టిన. నిన్న అబద్ధమాడిన. ఎగ్జిట్ కొడ్తే కొట్టుండ్రి."



"నీకు దమ్ముందని నాకు తెలీదనుకుంటివా?" అన్నాడు నబీ రసూల్. గొంతులో కోపం లేదు, అదే భరించరాకుండా ఉంది. "ఏటా మెడికల్ ముందర నిన్ను దుమ్ము సైట్ల నుంచి తీసి ఏసీ కారు డ్యూటీకి వేసేది ఎవురనుకుంటివి? ఆ ఊదే టెస్టు కాడ క్లినిక్కోళ్లను బతిమాలేది ఎవురు? నిన్న అందరి ముందర నీ తట్టు చూసే కదా అడిగినా. నువ్వు తల అడ్డంగా ఊపితివి. నీది కాదంటే కాదనుకుంటినప్పా. మా పిల్లోళ్లు అట్లాంటోళ్లు కాదు, నాదీ గ్యారంటీ అని ఆ డాక్టరమ్మకు చెప్పింది నేనే. ఆ మాట మిందనే ఆ పిల్లోన్ని తీసేసిరి."

సదానందం ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"ఇప్పుడే ఆమెకు చెప్తా. నమ్ముతుందో లేదో. పందెం మాత్రం మొదలైపోయె," అని నబీ రసూల్ ఫోను పెట్టేశాడు.

తియాగో అతని వైపు ఆశగా తిరిగాడు. "ఏమన్నాడు?" అని అడిగాడు.

నన్ను నమ్మాడట, అని చెప్పడానికి సదానందానికి వచ్చిన ఇంగ్లీషు చాలు. చెప్పడానికి ముఖం చెల్లలేదు. నోటి తడి అంటిన పంపును చొక్కాతో తుడిచి తియాగో చేతికిచ్చి, అద్దం మీది ఇసుక పోయేదాకా వైపరు తిప్పుతూ కూర్చున్నాడు.