మీ నాన్నకి చెప్పు

మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. అల్లుడితో మాట్లాడే అలవాటు వాళ్లింట్లో లేదు. నాకు చెప్పాల్సింది మా ఆవిడకు చెబుతారు, నేనూ అదే దారిన జవాబు పంపుతాను. జెర్సీ సిటీలో, పదకొండో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో ఆరడుగుల దూరాన కూర్చుని ఇలా ఆరు నెలలు గడపడానికి వచ్చారు. నాకు ఆ ఏర్పాటు మొదటినుంచీ గిట్టలేదు.

మా పాపకు తొమ్మిదేళ్లు. ఉబ్బసం. రోజూ ఉదయం, సాయంత్రం ఊపిరి జోరు కొలిచే మీటరులో గట్టిగా ఊదిస్తాను. ముల్లు ఎంతవరకు జరిగిందో పుస్తకంలో రాస్తాను. బాగా ఉన్నప్పుడు తను ఊదింది 250. అందులో ఎనభై శాతం, అంటే 200 దాటితే భయం లేదు. 125కి దిగితే ప్రమాదం. లెక్కలు నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు గాని, వరసలో ఒక్క అంకె తేడాగా ఉన్నా నాకు అన్నం సహించదు. మామూలు రోజుల్లో 230. అత్తగారు వచ్చాక ఐదు శుక్రవారాల సాయంత్రాలు: 215, 190, 185, 180, 170. శుక్రవారం ఆవిడ సాంబ్రాణి వేస్తారు. మా కిటికీలు నాలుగు వేళ్లకు మించి తెరుచుకోవు.

"ఇకమీద సాంబ్రాణి వద్దని మీ అమ్మకి చెప్పు," అన్నాను మా ఆవిడతో.

వంటగదిలోంచి జవాబు వచ్చింది. "నలభై ఏళ్లుగా వేస్తున్నా, మా ఇంట్లో ఒక్కరూ దగ్గలేదని మీ ఆయనకి చెప్పవే. పిల్లని చూడమను, కాగితాలు కాదు."

"ఆ పిల్లకే ఊపిరందట్లేదని చెప్పు."

"నేనేమన్నా వాట్సాప్ గ్రూపునా?" అని మా ఆవిడ లాప్‌టాప్ తీసుకుని గదిలోకి పోయింది. తల్లితో తను చెప్పింది, "కొంచెం తగ్గించి వేయమ్మా" అని మాత్రమే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆరో శుక్రవారం మా ఆవిడ ఆఫీసులో ఉంది. నేను తలుపేసుకుని మీటింగ్‌లో ఉన్నాను. పాపకు పొద్దుటినుంచే జలుబు. స్కూల్ నుంచి వచ్చి తన గదిలో కూర్చుంది. దేవుడి అల్మరా ఆ గదిలోనే ఉంది. అత్తగారు తగ్గించే వేశారట. కాసేపటికి పాప ముందుకు వంగిపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. ఆవిడ చూశారు, భయపడ్డారు. నా తలుపు దాకా వచ్చారు గాని తట్టలేదు. మనవరాలిని వెంట తెచ్చుకుని, "మీ నాన్నకి చెప్పు," అన్నారు.

ఊపిరి అందని పిల్లను చెప్పమన్నారు.

తలుపు ఇవతల నాకు ఆ మాట వినిపించింది. మూడుసార్లు. మళ్లీ ఏదో ఫిర్యాదు అనుకుని ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ పెంచాను. ఇది మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.

చివరికి పాప అరచేత్తో తలుపు మీద కొట్టింది. తెరిచాను. "నాన్నా... కాంట్ బ్రీ..." అంది. మిగతాది రాలేదు. ఊదించే పని లేదు, పెదవుల రంగే చెబుతోంది. "911 కొట్టండి!" అని అత్తగారి మీద అరిచి, ఇన్‌హేలర్‌కి స్పేసర్ గొట్టం తగిలించి పాప నోటికి పెట్టాను. నాలుగు పఫ్‌లు, ఒక్కోదానికి ఆరు శ్వాసలు. ఏడో నిమిషానికి అంబులెన్సు వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి ఊదిస్తే 195. ధూపం గిన్నెను, ఆవిడ చూస్తుండగానే, చెత్త కిందికి జారే ట్రాష్ చ్యూట్‌ గొట్టంలో పడేశాను. పదకొండు అంతస్తులూ మోగుతూ దిగింది.

"తలుపు తట్టడానికి మీకు చెయ్యి లేదా?" అన్నాను.

"వినడానికి మీకు చెవుల్లేవా?" అన్నారు.

మా ఆవిడ మధ్యలోకి రాబోయింది. ఇద్దరం ఒకేసారి కసిరాం.

"అది ఎలా పెట్టాలో నాకు చూపించండి," అన్నారు అత్తగారు, స్పేసర్ వైపు చూస్తూ.

నాకు చూపించాలని లేదు. కాని సోమవారం మళ్లీ మీటింగ్‌లున్నాయి. పాపను ముందు కూర్చోబెట్టి, ఖాళీ ఇన్‌హేలర్‌తో చూపించాను. ఆరు శ్వాసలు లెక్కపెట్టమన్నాను. నాలుగు దగ్గరే తీసేశారు.

"మళ్లీ," అన్నాను.