సభ్యత్వ సభలో కునుకు

మాది ఉదయగిరి. రోజూ బస్సులో ఆత్మకూరు వెళ్లి హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఇంటిపని తెమిలాక పత్రికలకు సైన్సు వ్యాసాలు రాస్తుంటాను. నిరుడు సైన్సు రచయితల సంఘం వాళ్లు నన్ను సభ్యురాలిగా చేర్చుకుంటూ నెల్లూరు సభకు పిలిచారు.

"దాంట్లో చేరితే ఏమొస్తాదంట? ఆదివారమన్నా ఇంట్లో ఉండకూడదా?" అని మావారు విసుక్కున్నారు. అందరికీ వంట చేసిపెట్టి మొదటి బస్సెక్కాను. నెల్లూరు దాకా నిలబడే వెళ్లాను.

హాల్లో కూర్చోగానే, ఏసీ చల్లదనానికి కళ్లు మూతలు పడ్డాయి. కాసేపటికి ఎవరో భుజం తట్టారు. ఒకాయన నా ముందుకు చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. కండక్టరనుకుని, "ఆత్మకూరు ఒకటియ్యన్నా" అన్నాను. ఆయన సంఘం కార్యదర్శి. నన్ను పరిచయం చేసుకోమని మైకు అందిస్తున్నాడు. నా మాట హాలంతా వినబడి, అందరూ గొల్లున నవ్వారు.

సిగ్గుతో చచ్చిపోయాను. "తెల్లారుజాము నుంచి పనేనండీ, కునుకు పట్టేసింది" అంటూ లేవబోయాను. అధ్యక్షురాలు పెద్దావిడ. ఆమే వేదిక దిగివచ్చి, సభ్యత్వ కార్డు నా చేతిలో పెట్టింది.

"లెయ్యబాక తల్లీ, కూర్చో. బాగా అలిసిపొయ్యుండావు" అంది.

నాకు ఏడుపొచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆమే.