బాగుపడ్డవాళ్లు తిరిగిరాని చోటు

మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే చిన్న ఆస్పత్రి అది. అందులో ఆవిడ ఆయా. నేల తుడవడం, బెంచీలు సర్దడం, ఏడ్చేవాళ్లకు మంచినీళ్లివ్వడం ఆవిడ పని. డాక్టరమ్మ మాట వినని మొండిఘటాలు కూడా ఆయా కసిరితే నోరు మూసుకుని మందు మింగేవారు.

ఇప్పుడా ఆస్పత్రికే ముప్పొచ్చిపడింది. జనం రావడం లేదు కాబట్టి మూసేద్దామని పైవాళ్ల ఆలోచన. తనిఖీకి అధికారి వస్తున్నాడు. జనం ఎలా వస్తారు? నయమైనవాళ్లు మళ్లీ ఆ వీధి ఛాయలకు రారు. కొత్తవాళ్లు ఎవరి కంటనైనా పడతామేమోనని గుమ్మం దాకా వచ్చి వెనుదిరుగుతారు. ఈ సంగతి పైవాళ్ల బుర్రకెక్కితేగా!

ఆయా నయమైనవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఒక్క పూట వచ్చి బెంచీ మీద కూర్చోమని బతిమాలింది. కొత్త ఉద్యోగమని ఒకరు తప్పుకున్నారు. ఒకాయనైతే ఆవిడెవరో తెలియనట్టే మొహం పెట్టాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి అందరినీ పేరుపేరునా దులిపేసింది. కుట్టుమిషను ముందు కూర్చున్న మొగుడు అంతా విని, "మరి నన్నెందుకు అడగలేదే?" అన్నాడు.

నిరుడు ఆయన తిండీ నిద్రా మానేసి గోడకేసి చూస్తూ కూర్చుంటే, వెనక తలుపు గుండా తీసుకెళ్లి ఆ ఆస్పత్రిలోనే నయం చేయించింది. పని మీద పొరుగూరు వెళ్లాడని వీధంతా చాటిందీ ఆవిడే.

"నీకు నామోషీ అని ఊరుకున్నా."

"నాక్కాదు, నీకు," అన్నాడాయన దారం కొరుకుతూ.

ఆ మాట నిజమేనని ఆవిడకు సిగ్గేసింది.

మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ముందు తలుపు నుంచే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆయనొక్కడే. అధికారి ఎగాదిగా చూశాడు.

"నిక్షేపంలా ఉన్నారు. ఇక్కడ మీకేం పని?"

"ఇక్కడికొచ్చాకే ఇలా ఉన్నానండి."

"నయమైందిగా, ఇంకెందుకీ ఆస్పత్రి?"

ఆయా ఉండబట్టలేకపోయింది. "ఆయన మా ఆయనండీ! చేతికందకుండా పోతున్న మనిషిని ఇక్కడే దక్కించుకున్నా. ఊళ్లో మంటల్లేవని ఫైరింజను అమ్మేస్తారా సార్?"

ఆ కేక వీధిలోకి వినబడింది. అధికారి మొహం గంటు పెట్టుకుని, "పైకి రాస్తాను," అంటూ జీపెక్కాడు. ఏం రాస్తాడో ఆయనకే తెలియాలి.

కాసేపటికి ఎదురుగా కిరాణా కొట్టు నడిపే ఆవిడ గుమ్మంలోకొచ్చింది. ఎత్తిపొడుస్తుందని ఆయా కాచుకుని నిలబడింది. ఆవిడేమో గొంతు తగ్గించింది.

"మా పెద్దది గదిలోంచి బయటికి రావట్లేదు వదినా. ఎవరితోనూ చెప్పుకోలేక చస్తున్నా. వచ్చే వారం తీసుకొస్తే చూస్తారా?"

వచ్చే వారం ఈ తలుపు తెరిచి ఉంటుందో లేదో ఆయాకే తెలియదు.

"వచ్చే వారం మాట నన్నడక్కు. డాక్టరమ్మ లోపలే ఉంది. ఇప్పుడే తీసుకురా, పరుగెత్తు!"